దేవతల రథాలు, మన పెద్దల దారులు

మహాలయ పక్షం కుటుంబ పాఠం. పిల్లలకు చదివి వినిపించగలరు.



భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు మహాలయ పక్షం. పోయినవారిని తలుచుకుని తర్పణాలు వదిలే పదిహేను రోజులు. ఈ సంచిక పాఠం దాని గురించే. అయితే ఈ పాఠం రాయాలనిపించింది మాత్రం ఒక పిల్లవాడి ప్రశ్న వల్ల.

మన ఆదివారం తరగతికి వచ్చే పన్నెండేళ్ల బాబు ఒకడున్నాడు. ఆ మధ్య వాళ్ల మామ్మ పోయింది. పదో రోజు, పన్నెండో రోజు కర్మలన్నీ వాడు దగ్గరుండి చూశాడు. కొన్ని వారాల తరువాత, తరగతి అయ్యాక చెప్పులు వేసుకుంటూ నన్నడిగాడు: "బాబాయ్, దేవతలంటే వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్లట కదా. విమానాలంటే వాళ్ల స్పేస్‌షిప్‌లట. వీడియోలో చూశాను. మరి మామ్మ ఎక్కడికెళ్లినట్టు? ఆ గ్రహానికేనా? మనం పెట్టిన అన్నం అంత దూరం ఎలా వెళ్తుంది?"

నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అన్నాను. నేను పెద్దవాణ్ణే, నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక అన్న మాట అది. వాడు తలూపి వెళ్లిపోయాడు.

వాడి ప్రశ్నలో నిజానికి పెద్ద విషయమే ఉంది. దేవతలు వేరే గ్రహంవాళ్లయితే, వాళ్ల విమానాలు ఉత్త యంత్రాలయితే, మనం వదిలే నువ్వులూ నీళ్లూ ఎవరికి? ఆ వీడియో వాడికి వింత చూపించింది. కాని వాళ్ల మామ్మకు ఉన్న ఒక్క చిరునామా చెరిపేసింది. అందుకే ఈసారి కాస్త ఓపిగ్గా చదివి, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఈ వాదం ఎక్కడిది?

1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ అనే స్విట్జర్లాండ్ హోటల్ మేనేజరు జర్మన్ భాషలో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. దాని ఇంగ్లీషు అనువాదానికి పెట్టిన పేరుకు అర్థం "దేవతల రథాలు?" అని. వేల ఏళ్ల కిందట ఇతర గ్రహాల వాళ్లు భూమికి వచ్చారని, మనుషులు వాళ్లనే దేవతలనుకున్నారని, పిరమిడ్ల వంటివి వాళ్ల సాయంతో లేచినవని, మన రామాయణ భారతాల్లోని విమానాలూ అస్త్రాలూ ఆ యంత్రాల జ్ఞాపకాలేనని ఆయన వాదన. పుస్తకం లక్షల మీద అమ్ముడుపోయింది. ఈనాటి వీడియోలు చాలావరకు ఆ వాదాన్నే రంగులు మార్చి చెబుతున్నాయి.

మన వైపు నుంచి దీనికి తోడైన పుస్తకం ఇంకొకటి ఉంది: వైమానిక శాస్త్రం. భరద్వాజ మహర్షి రచన అని దానికి పేరు. బెంగళూరు ప్రాంతపు పండితుడు సుబ్బరాయశాస్త్రి 1918 నుంచి 1923 వరకు దీన్ని నోటితో చెబుతుంటే మరొకరు రాసుకున్నారు. 1973లో మైసూరు నుంచి ఇంగ్లీషు అనువాదంతో వెలువడింది. ఆ మరుసటి సంవత్సరమే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు దీన్ని పరిశీలించారు. ఇందులోని సంస్కృతం ప్రాచీనం కాదని, రచన 1900 తరువాతిదేనని, ఇందులో వర్ణించిన శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాలలో ఏదీ ఎగరగలిగేది కాదని తేల్చారు. కాదన్నది మన శాస్త్రవేత్తలే, విదేశీయులు కారు.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. ఒకరేమో "మన ఋషులే విమానాలు తయారుచేశారు" అంటారు. ఇంకొకరేమో "ఋషులకు అంత శక్తి ఎక్కడిది, పైనుంచి ఎవరో వచ్చి చేసిపెట్టారు" అంటారు. మనవాళ్లు ఈ రెండు వీడియోలనూ ఒకే రోజు, ఒకే గర్వంతో, ఒకే గ్రూపులో పంపుతుంటారు. రెండోది పొగడ్త కాదు. మీ తాతలకు చేతకాదు అని చెప్పడం. 499లో ఇరవై మూడేళ్ల వయసున్న ఆర్యభటుడు, భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని లెక్కగట్టి రాశాడు. గర్వపడాలంటే అలాంటివి మనకు కొల్లలు. ఒకరి నుంచి అరువు తెచ్చుకోనక్కర లేదు.

విమానం అంటే ఏమిటి?

సంస్కృతంలో "మా" ధాతువుకు కొలవడం అని అర్థం. విమానం అంటే మొదట కొలతలు వేసి కట్టినది. పలు అంతస్తుల భవనాన్నీ విమానం అన్నారు, దేవతల వాహనాన్నీ విమానం అన్నారు. గర్భగుడి మీది కట్టడం పేరు నేటికీ విమానమే. తిరుమలలో స్వామి గర్భాలయం మీద ఉన్నది ఆనంద నిలయ విమానం. అది ఎక్కడికీ ఎగరదు. మన మనసే అక్కడికి వెళ్తుంది. ఈ శతాబ్దాల నాటి మాటను మనం ఎయిర్‌పోర్టులో నిలబడ్డ యంత్రానికి పెట్టుకున్నది నిన్న మొన్న. ఆ కొత్త అర్థాన్ని పాత కావ్యంలోకి తోసి చదివితే వాల్మీకి పైలట్లా కనిపిస్తాడు.

పుష్పకం మాటేమిటని అడగవచ్చు. విశ్వకర్మ బ్రహ్మ కోసం చేసినది, కుబేరుడికి దక్కినది, రావణుడు లాక్కున్నది. యజమాని మనసులో అనుకున్న చోటికి పోతుంది. యుద్ధం ముగిశాక రాముడు దానిలో అయోధ్యకు చేరి, తిరిగి కుబేరుడి దగ్గరికి పంపేశాడు. కథలో ముఖ్యం ఆ చివరి పనే. ఒకడు లాక్కున్నదాన్ని మరొకడు సొంతదారుకు అప్పగించాడు. పుష్పకానికి ఇంధనం ఏమిటని వెతికేవారికి ఈ ధర్మం కనిపించదు.

మన యాంగోన్‌లోనూ ఈ మాట రోజూ చూస్తున్నాం. మర్చంట్ రోడ్డులో సాపే బెయిక్మాన్ ఉంది కదా, 1947లో ఊ నూ స్థాపించిన అనువాద సంఘం నుంచి ఎదిగిన ప్రచురణ సంస్థ. సాపే అంటే సాహిత్యం. బెయిక్మాన్ అంటే మేడ, మందిరం. ఆ బెయిక్మాన్ మరేదో కాదు, పాళీలోని "విమాన" శబ్దమే బర్మా నాలుక మీద అలా మారింది. ఆ సంస్థ పేరుకు అర్థం సాహిత్య మందిరం. సాహిత్యపు స్పేస్‌షిప్ అని బర్మావారు ఎవరూ అనుకోరు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి పాళీ త్రిపిటకంలో ఉంది. అందులో విమానవత్థు అనే గ్రంథం ఉంది, 85 కథలు. దానికి జంటగా పేతవత్థు, 51 కథలు. పేత అంటే మన ప్రేత శబ్దమే. మొదటి పుస్తకంలో బతికుండగా దానం చేసినవారు, ఒక ముద్ద అన్నమో గుక్కెడు నీళ్లో ఇచ్చినవారు, పోయిన తరువాత వెలుగుతున్న విమానాల్లో కనిపిస్తారు. "ఈ మేడ నీకెలా వచ్చింది?" అని అడిగితే తాము చేసిన పుణ్యం చెబుతారు. రెండో పుస్తకంలో ఇవ్వనివారు ఆకలితో తిరుగుతుంటారు, బంధువులు వారి పేరిట దానం చేస్తే తేరుకుంటారు. అంటే మనదీ మన ఇరుగుపొరుగుదీ అయిన ఈ సంప్రదాయంలో విమానం అనేది మరణం తరువాత ఏమవుతుందన్న ప్రశ్నకు చెప్పిన ఒక జవాబు. ఎవరో నడుపుకుంటూ తెచ్చినది కాదు, ఇచ్చినవాళ్లకు దక్కే ఇల్లు.

సమాధుల్లో యంత్రాలు వెతకడం

చదువుతూ పోతుంటే నాకు ఒక విషయం తట్టింది. గ్రహాంతరవాసుల వాదానికి ఆధారాలుగా చూపే పేరున్న వస్తువులలో కొన్ని నిజానికి సమాధులే.

మెక్సికోలో పాలెంకే అనే చోట ఒక రాతి మూత ఉంది. దాని మీద చెక్కిన మనిషి రాకెట్ నడుపుతున్నాడని ఫాన్ డానికెన్ అన్నాడు. అది 683లో మరణించిన పకాల్ అనే మాయా రాజు శవపేటిక మూత. 1952లో అల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని గుడి మెట్ల కింది గదిలో కనుగొన్నాడు. దాని మీద ఉన్నది, మరణించిన రాజు, ఆయన వెనక లోకాలను కలిపే చెట్టు, కింద పాతాళపు నోరు. మా రాజు ఎక్కడికి వెళ్తున్నాడు అని ఆ జనం రాతిలో చెప్పుకున్న మాట అది.

పిరమిడ్లూ రాజుల సమాధులే. వాటిని కట్టిన కూలీల సమాధులు పక్కనే బయటపడ్డాయి. వాళ్లకు రొట్టెలు కాల్చిన బట్టీలు దొరికాయి. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున పాపిరస్ కాగితాలు దొరికాయి. ఖుఫూ పిరమిడ్ కోసం పడవల్లో సున్నపురాయి మోయించిన మేరెర్ అనే అధికారి రోజువారీ చిట్టా అందులో ఉంది. ఏ రోజు ఎక్కడ రాయి ఎక్కించారో, రాత్రి ఎక్కడ పడుకున్నారో అన్నీ రాసుకున్నాడు. మన రేవు మేస్త్రీల లెక్కల పుస్తకంలాగే ఉంటుంది.

మన తెలుగు నేల మీదా ఇదే కథ. ములుగు జిల్లా దామరవాయి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట అడవుల్లో పెద్ద పెద్ద బండపలకలతో కట్టిన గదులు వందల కొద్దీ ఉన్నాయి. ఊళ్లవాళ్లు వాటిని రాకాసి గుళ్లు అంటారు. అంతేసి బండలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే ఎత్తి ఉంటారని. ఫాన్ డానికెన్ కన్నా ఎంతో ముందే మనవాళ్లు అదే తర్కం చేశారన్నమాట! అవి ఇనుప యుగం నాటి మన పూర్వుల సమాధులు. ఇలాంటివి తవ్విన చోట్ల ఎముకలతో పాటు ఎరుపు నలుపు కుండలు, ఇనుప కత్తులు, పూసలు బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఇటువంటి సమాధులు తవ్వి చూశారు. కొన్నింటి పలకకు గుండ్రటి కన్నం ఉంటుంది. ఆత్మ రాకపోకలకని కొందరు పండితులు, తరువాత పోయినవారిని లోపల చేర్చడానికని కొందరు అంటారు. కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాలలో మనిషికి రెండింతలున్న నిలువురాళ్లు ఉన్నాయి. అక్కడ ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో గుంటలు తొలిచారు. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆకాశాన్ని ఎరిగినవాళ్లు ఆకాశం నుంచి దిగి ఉండనక్కరలేదు. తల ఎత్తి చూస్తే చాలు.

బర్మాలో చూద్దామా? పై దగ్గరి శ్రీక్షేత్రం నగరాన్ని ఇంద్రుడు, నాగుడు, గరుడుడు, చండి, పరమేశ్వరుడు కూడి నిర్మించారని, నాగుణ్ణే తాడుగా పట్టి ఇంద్రుడు వలయం గీశాడని ఇక్కడి రాజుల చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఈ ప్యూ నగరాలు మూడు, హలిన్, బెయిక్థనో, శ్రీక్షేత్రం, 2014లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. బెయిక్థనో అంటే విష్ణు నగరం. అక్కడి ఇటుకల మీద తడి మట్టిలో చేతివేళ్లతో గీసిన చారలు ఇప్పటికీ కనబడతాయి. కాల్చిన అస్థికలు దాచిన కుండలు వరసగా పాతి ఉన్నాయి. శ్రీక్షేత్రంలో విక్రమ అనే పేరుతో ముగిసే రాజుల పేర్లు చెక్కిన రాతి కలశాలు దొరికాయి.

ఇంద్రుడు గీశాడన్న కథ అబద్ధమని నేననను. ఊరు పవిత్రమని కథ చెబుతోంది. ఎవరు చెమటోడ్చారో ఇటుక చెబుతోంది. ఇటుక చెప్పాల్సింది కథ చేత, కథ చెప్పాల్సింది ఇటుక చేత చెప్పించబోతేనే చిక్కు.

తప్పు ఫాంట్

నా వృత్తి నుంచి ఒక పోలిక చెబుతాను, మీ అందరి అనుభవమే. 2019 అక్టోబరు 1న దేశం యూనికోడ్‌కు మారే వరకు మన ఫోన్లలో జోజీ ఫాంటుదే రాజ్యం. జోజీ అన్న మాటా మన "యోగి" నుంచి వచ్చిందే. ఒకరు యూనికోడ్‌లో పంపిన సందేశం జోజీ ఫోన్లో తెరిస్తే గుణింతాలు చెల్లాచెదురై కనిపించేవి. పంపినవాళ్లు సరిగానే రాశారు. ఫోను వేరే పద్ధతిలో చదివింది. ఇంకో ప్రమాదం ఏమిటంటే, ఆ గజిబిజిలోనూ అక్కడక్కడ ఒక మాట సరిగా కనిపించేది. దాన్ని పట్టుకుని మిగతాది ఊహించి, లేనిపోని అర్థం తీసి, బంధువులతో మాట పట్టింపులు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

పురాణాన్ని ఇంజినీరింగ్ పుస్తకంలా చదవడం అలాంటిదే. రథం, అస్త్రం, విమానం అని అక్కడక్కడ మనకు తెలిసిన మాటలు కనబడతాయి. మిగతాది మనం నింపేస్తాం. అసలు పంపిన సందేశం అందకుండానే పోతుంది.

ప్రశ్న అడిగిన పిల్లలు

ఇంతకీ పోయినవాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఈ ప్రశ్నను మన ఉపనిషత్తుల్లో అడిగినవాళ్లు కూడా పిల్లలూ పడుచువాళ్లే.

ఛాందోగ్యంలో శ్వేతకేతువు చదువు ముగించుకుని రాజసభకు వెళ్లాడు. ప్రవాహణ జైవలి అనే రాజు ఐదు ప్రశ్నలు వేశాడు. ఇక్కడి నుంచి జీవులు ఎక్కడికి పోతారు? ఎలా తిరిగి వస్తారు? అంతమంది పోతుంటే ఆ లోకం ఎందుకు నిండిపోదు? ఒక్కదానికీ కుర్రవాడికి జవాబు తెలియలేదు. తండ్రి దగ్గరికి వచ్చి, నాకు చదువు పూర్తయిందని ఎలా చెప్పారని నిలదీశాడు. తండ్రి ఉద్దాలకుడు ఏమన్నాడు? ఇవి నాకూ తెలియవు, తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా అన్నాడు. అని ఊరుకోలేదు, అంత పెద్ద పండితుడూ తానే శిష్యుడిలా రాజు దగ్గరికి వెళ్లాడు. "పెద్దయ్యాక తెలుస్తుంది" అనలేదు. ఇది చదివినప్పుడు నాకు నా జవాబు గుర్తొచ్చింది.

రాజు చెప్పినది పంచాగ్ని విద్య. జీవుడు తిరిగి వచ్చే దారి చంద్రుడి నుంచి వానలోకి, వాన నుంచి పైరులోకి, పైరు నుంచి అన్నంలోకి, అన్నం నుంచి మనిషిలోకి అని. చంద్రుడు అన్న మాట వినగానే రాకెట్ గుర్తుకు రావచ్చు. కాని ఇందులో మీట నొక్కేవాడు ఎవడూ లేడు. వాన, చేను, మెతుకు ఉన్నాయి. పిండంగా పెట్టేది ఆ మెతుకులనే.

కఠోపనిషత్తులో నచికేతుడు ఇంకా చిన్నవాడు. యముడి గుమ్మంలో మూడు రాత్రులు పస్తుండి, మూడో వరంగా అడిగాడు: మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటారు, ఏది నిజం? యముడు తప్పించుకోవాలని చూశాడు. ఏనుగులిస్తాను, బంగారం ఇస్తాను, రథాలెక్కిన అప్సరసలనిస్తాను, ఇది మాత్రం అడగకు అన్నాడు. నీ రథాలు నీ దగ్గరే ఉండనీ, నాకు జవాబు కావాలి అన్నాడు నచికేతుడు. దేవతల రథాలు ఎదురుగా వచ్చి నిలిస్తే వద్దన్న పిల్లవాడు అతడు!

ఆ తరువాత యముడు అతనికి ఒక రథం గురించి చెప్పనే చెప్పాడు. శరీరమే రథం, ఆత్మ అందులో కూర్చున్నవాడు, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. యంత్రం కోసం వెతికితే ఇందులో చెక్కా చక్రాలూ మాత్రమే దొరుకుతాయి. కూర్చున్నవాడు దొరకడు.

ఇదంతా రుజువైనదేనా అని పెద్ద పిల్లలు అడుగుతారు. నిజాయితీగా చెప్పాలి. ఇది శ్రద్ధతో నిలిచిన విశ్వాసం, ప్రయోగశాలలో తేలినది కాదు. వర్జీనియా విశ్వవిద్యాలయపు వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ పూర్వజన్మ చెప్పే పిల్లల కేసులు దశాబ్దాలపాటు సేకరించారు. 1983లో వెలువడిన సంపుటం థాయ్‌లాండ్, బర్మా కేసులదే. యుద్ధంలో చనిపోయిన జపాన్ సైనికులం మేమని చెప్పిన బర్మా పిల్లలూ ఆయన కేసుల్లో ఉన్నారు. ఇంత తిరిగినా ఆయన తన కేసులు పునర్జన్మను సూచిస్తాయన్నారే గాని రుజువు చేశాయనలేదు. ఆ నిగ్రహం మనమూ నేర్చుకోవాలి.

అన్నం ఎలా చేరుతుంది?

ఇప్పుడు బాబు రెండో ప్రశ్న. శ్రాద్ధంలో పురోహితులు ఏం చెప్పిస్తారో ఎప్పుడైనా గమనించారా? ఏ లోకం, ఎంత దూరం అన్న ఊసే రాదు. గోత్రం, పేరు, మనకు ఏమవుతారు, ఇవే అడుగుతారు. తండ్రిని వసు రూపంగా, తాతను రుద్ర రూపంగా, ముత్తాతను ఆదిత్య రూపంగా తలుస్తాం. తల్లి, మామ్మ, ముత్తవ్వ వరసకూ అలాగే వదులుతాం. అంటే మన చిరునామా స్థలం కాదు, చుట్టరికం. ఫోన్ చేసేటప్పుడు అవతలివారు ఏ ఊళ్లో ఉన్నారో తెలియనక్కరలేదు, నంబరు ఉంటే చాలు. ఇది రుజువు కాదు, పోలిక మాత్రమే. కాని పిల్లవాడికి అర్థమయ్యే పోలిక.

మన బర్మా ఇరుగుపొరుగు ఇళ్లలో ఎవరైనా పోతే ఏడో రోజున భిక్షువులకు అన్నం పెడతారు. గిన్నెలోకి చుక్క చుక్కగా నీళ్లు వంచుతూ యేజెట్ ఛ చేస్తారు. చేసిన పుణ్యం పంచుకోమని మూడుసార్లు "అహ్మ్య" అని పిలుస్తారు. విన్నవారు "థాదు" అంటారు, అది మన సాధు శబ్దమే. నీళ్లు వదలడం, పేరు పిలవడం, ఉన్నవారికి అన్నం పెట్టడం. సిద్ధాంతంలో వారికీ మనకూ తేడాలున్నాయి. ఆత్మ ఉందని మనం, లేదని వారు. అయినా చేతులు చేసే పని ఎంత దగ్గరగా ఉందో చూడండి.

తిథి తెలియనివారు

ఈ పక్షంలో మనకు, ఈ ఊరి తెలుగువారికి, ప్రత్యేకంగా ఒక బాధ్యత ఉంది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి మన పెద్దలు వచ్చి రేవుల్లో, మిల్లుల్లో, పొలాల్లో పనిచేశారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న నగరం మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో జపాన్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. లక్షల మంది మనవాళ్లు కాలినడకన బయలుదేరారు. కొందరు పై మీదుగా టౌంగప్ కనుమ దాటి అరకాన్ వైపు, కొందరు టమూ మీదుగా మణిపూర్ వైపు. కలరాతో, ఆకలితో, వానల్లో దారిలోనే వేల మంది రాలిపోయారు. వారికి దహనం లేదు, పదో రోజు లేదు, పోయిన తిథి రాసుకున్నవారు లేరు. మా ముత్తాత తమ్ముడు వారిలో ఒకరు. మా ఇంట్లో ఆయన గురించి మిగిలినది పేరు ఒక్కటే.

మహాలయ అమావాస్య ఉన్నది ఇటువంటివారి కోసమే. తిథి తెలియనివారందరికీ ఆ రోజు తర్పణం వదలవచ్చు. ఆయుధాల వల్ల, ప్రమాదాల వల్ల పోయినవారికి ముందురోజు చతుర్దశి. గోత్రం మరిచిపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు. సొంతవాళ్లే కానక్కరలేదు. గురువులకు, స్నేహితులకు, ఆశ్రయించినవారికి కారుణ్య తర్పణం ఉంది. నీళ్లు వదిలే బిడ్డలు లేకుండా పోయినవారికి చివర్లో వస్త్రం పిండి నీళ్లు వదులుతాం. 2025 మార్చి 28 భూకంపంలో మాండలే, సగాయింగ్ ప్రాంతాల్లో పోయినవారిని కూడా తలుచుకుందాం.

ఏ గ్రహం నుంచో ఎవరో వచ్చారా అన్నది శాస్త్రజ్ఞులు వెతకవలసినది, వెతకనివ్వండి. ఈ నేల మీద నడిచి పోయినవారిని మరిచిపోకుండా ఉండడం మన పని.

ఇంట్లో మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో మూడు తరాల పేర్లు, తండ్రి వైపూ తల్లి వైపూ, పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి. ఎక్కడ ఆగిపోయారో చూడండి.

2. తండ్రి ఉన్న పిల్లలు తర్పణం చేయరు. పక్కన కూర్చుని పేర్లు చదివి వినిపించవచ్చు. ఆ పని వారికి అప్పగించండి.

3. పురాణాల మీద వింత వీడియో ఏదైనా వస్తే మూడు ప్రశ్నలు వేయండి: ఈ మాట అసలు ఏ గ్రంథంలో ఉంది? ఆ గ్రంథం ఎప్పటిది? అక్కడ ఆ మాటకు అర్థమేమిటి?

4. పిల్లల ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి. తెలుసుకుని చెబుతానని మాటివ్వండి.

ఈ పాఠం అచ్చుకు ఇచ్చేముందు ఆ బాబుకు చదివి వినిపించాను. అంతా విని, "అయితే మామ్మ ఎక్కడుందో నీకూ తెలీదన్నమాట" అన్నాడు. తెలీదన్నాను. కాసేపాగి, "పేరు తెలుసుగా" అన్నాడు. వాళ్ల నాన్న తర్పణం చేసే రోజున ఆ పేరు తానే చదువుతానని చెప్పాడు.

మహాలయ అమావాస్యనాడు మన గుడిలో సామూహిక తర్పణాలకు పేర్లు ఇవ్వదలచినవారు ముందుగా అర్చకులకు అందజేయగలరు. గోత్రం, తిథి తెలియకపోయినా ఫరవాలేదు. పేరు చాలు. పేరు కూడా తెలియకపోతే "మా ఇంటి నుంచి వెళ్లి తిరిగిరానివారు" అని రాసినా చాలు.

శుభం.